గోడ పోయింది, గీత ఉంది: రెండు రాష్ట్రాల్లో ఉన్న ఒక జర్మన్ పల్లె

అక్టోబర్ 31న మోడ్లరాయిట్‌లో వాగుకు ఒక పక్క ఇళ్ళకు సెలవు. మార్టిన్ లూథర్ మొదలుపెట్టిన మతసంస్కరణను తలుచుకునే రోజది. రెండో పక్కవాళ్ళు మామూలుగానే పనికి పోతారు. మర్నాడు నవంబర్ 1న, సకల పునీతుల పండుగ రోజున, వీళ్ళకు సెలవు, వాళ్ళకు పని. ఊరంతా కలిపితే 50 మంది దాకా ఉంటారు. ఆ 50 మందికీ రెండు సెలవుల క్యాలెండర్లు, రెండు పిన్‌కోడ్‌లు, రెండు ఎస్టీడీ కోడ్‌లు, ఇద్దరు మేయర్లు, రెండు అసెంబ్లీలు.

ఊరి మధ్యగా టాన్‌బాక్ పారుతుంది. దాన్ని వాగు అనడం కూడా ఎక్కువేమో, చాలాచోట్ల ఒక్క అంగలో దాటేయొచ్చు. దానికి ఒకవైపు ఇళ్ళు బవేరియా రాష్ట్రం, హోఫ్ జిల్లా, టోపెన్ పంచాయతీ కిందికి వస్తాయి. రెండోవైపు ఇళ్ళు థురింజియా రాష్ట్రం, సాలె-ఓర్లా జిల్లా, గెఫెల్ మునిసిపాలిటీ కిందికి. పిన్‌కోడ్ ఒకవైపు 95183, ఇంకోవైపు 07926. కార్ల నంబర్ ప్లేట్లు ఒకవైపు హెచ్‌ఓ అని, ఇంకోవైపు ఎస్‌ఓకే అని మొదలవుతాయి. బవేరియావాళ్ళు పలకరింపుగా ‘గ్రూస్ గాట్’ అంటారనీ, థురింజియావాళ్ళు ‘గూటెన్ టాగ్’ అంటారనీ టూరిస్టు గైడ్లు తప్పకుండా చెబుతారు. 50 మంది ఉన్న ఊళ్ళో ఎవరు ఎవరిని ఎలా పలకరిస్తారో నిజానికి మనిషిని బట్టి ఉంటుంది గానీ, ఆ ముక్క చెప్పకుండా ఏ టూరూ ముగియదు.

ఇక్కడికి జనం వచ్చేది వాగు కోసం కాదు, గోడ కోసం. 1966 నుంచి 1990 దాకా ఈ పల్లె నడిబొడ్డున బెర్లిన్ గోడలాంటి కాంక్రీటు గోడ ఉండేది. అమెరికన్ సైనికులు దీన్ని ‘లిటిల్ బెర్లిన్’ అనేవారు. ఇప్పటికీ బోర్డుల మీద, బ్రోషర్లలో అదే పేరు కనిపిస్తుంది. ఆ పేరు పర్యాటకానికి మేలు చేసింది, చరిత్రను మాత్రం కొంత తప్పుదారి పట్టించింది. బెర్లిన్ అంతకుముందు ఒకే నగరం. యుద్ధంలో గెలిచినవాళ్ళు దాన్ని ముక్కలు చేశారు, 1990లో మళ్ళీ ఒకటైంది, ఇప్పుడు అది ఒకే రాష్ట్రం. మోడ్లరాయిట్ కథ అలా లేదు. ఇక్కడ గీత గోడ కన్నా ఒకటిన్నర శతాబ్దం ముందుది. గోడ కూలాక కూడా అది అక్కడే ఉంది. కాబట్టి ఈ ఊరిని అర్థం చేసుకోవాలంటే గోడ కంటే ముందు ఆ గీతను చూడాలి.

19వ శతాబ్దం మొదట్లో జర్మనీ అనే ఒకే దేశం లేదు. చిన్నా పెద్దా రాజ్యాలూ సంస్థానాలూ కలగాపులగంగా ఉండేవి. నెపోలియన్ యుద్ధాల్లో వాటి హద్దులు తరచూ మారిపోయాయి. కొన్నేళ్ళు ఫ్రెంచి పాలనలో ఉన్న బైరాయిట్ సంస్థానం 1810లో బవేరియా రాజ్యం చేతికి వచ్చింది. దాని ఉత్తరపు అంచు టాన్‌బాక్ వాగు దగ్గర ఆగింది. వాగుకు అవతల రాయిస్ అనే చిన్న రాజవంశపు సంస్థానం ఉంది. రెండు ప్రభుత్వాల మనుషులూ వచ్చి వాగు వెంబడి హద్దురాళ్ళు పాతారు. ఒక ముఖం మీద బవేరియా రాజ్యానికి గుర్తుగా ‘కేబీ’, రెండో ముఖం మీద రాయిస్ సంస్థానానికి గుర్తుగా ‘ఎఫ్‌ఆర్’ అక్షరాలు చెక్కారు. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. ఊరికి వచ్చేవాళ్ళు నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి ఫొటోలు దిగుతారు, గడ్డిలో మోకాలెత్తున ఉండే ఈ రాళ్ళ దగ్గర ఆగేవాళ్ళు తక్కువ. ఈ ఊళ్ళో చూడవలసిన వాటిలో మొదటి స్థానం వాటికే ఇవ్వాలి.

ఆ హద్దు ఊరివాళ్ళ రోజువారీ బతుకును పెద్దగా కదిలించలేదు. పొలాల మధ్య గట్టులాంటిదది: ఎవరిది ఎంతవరకో తెలియడానికి ఉంటుంది, నడిచి దాటడానికి అడ్డు రాదు. పన్ను ఎవరికి కట్టాలి, కోర్టుకు ఎక్కడికి పోవాలి, సైన్యంలో చేరితే ఏ రాజు కింద చేరాలి అన్న విషయాల్లోనే తేడా. పిల్లలంతా ఒకే బడికి పోయేవారు, ఆ బడి థురింజియా వైపు ఉండేది. సాయంత్రం బీరు తాగడానికి వెళ్ళే సత్రం కూడా అటువైపే. ఆదివారం ప్రార్థనకు మాత్రం బవేరియా వైపు ఉన్న టోపెన్ చర్చికి నడిచేవారు. పెళ్ళి సంబంధాలు అటూ ఇటూ కలిశాయి, పొలాలు కూడా అంతే. వాగుకు ఇటువైపు ఇల్లు, అటువైపు చేను ఉన్నవాళ్ళు మామూలే. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడింది, మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత రాజులు పోయారు, 1920లో రాయిస్‌తో సహా ఆ చుట్టుపక్కల చిన్న సంస్థానాలన్నీ కలిసి థురింజియా రాష్ట్రం అయ్యాయి. సంస్థానాల హద్దు కాస్తా రాష్ట్రాల హద్దు అయింది. ఊళ్ళో ఎవరి దినచర్యా మారలేదు.

మార్పు వచ్చింది లండన్ నుంచి. 1944 సెప్టెంబర్ 12న, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ ప్రతినిధులు అక్కడ ఒక ఒప్పందం మీద సంతకం చేశారు. ఓడిన జర్మనీని ఏ ఏ మండలాలుగా విభజించి ఆక్రమించాలో అందులో ఉంది. కొత్త గీతలు గీయడం కష్టం, వాదనలు తెగవు. అందుకని 1937 చివరి నాటికి ఉన్న జర్మనీలోని రాష్ట్రాల, ప్రష్యా ప్రావిన్సుల హద్దులనే ఆధారంగా తీసుకున్నారు. థురింజియా సోవియట్‌కు, బవేరియా చివరికి అమెరికాకు. ఆ మ్యాపు ముందు కూర్చున్నవాళ్ళలో ఎవరికైనా టాన్‌బాక్ అనే వాగు ఉందని తెలిసి ఉంటుందని అనుకోలేం. 1810లో ఇద్దరు పాలకులు పన్నుల లెక్క కోసం ఒప్పుకున్న హద్దు, ఇప్పుడు రెండు అగ్రరాజ్యాల హద్దు అయి కూర్చుంది. కావాలని ఎవరూ ఈ ఊరిని చీల్చలేదు. పాత కాగితం మీద ఉన్న గీతను ఎవరూ సరిచూడలేదు, అంతే. సరిహద్దుల చరిత్రలో పగల కన్నా ఇలాంటి ఆఫీసు సౌకర్యాలే ఎక్కువ నష్టం చేసిన సందర్భాలు చాలానే ఉన్నాయి.

1945 వసంతంలో థురింజియాలోకి మొదట వచ్చింది అమెరికన్ సేనలే. బెర్లిన్‌లో తమ వాటా తీసుకోవడానికి జూలైలో అవి వెనక్కి తగ్గాయి, వాళ్ళ స్థానంలో సోవియట్ సైన్యం వచ్చింది. 1949లో రెండు జర్మన్ దేశాలు ఏర్పడ్డాక వాగుకు ఇటు పశ్చిమ జర్మనీ, అటు తూర్పు జర్మనీ అయ్యాయి. అయినా తొలి ఏళ్ళలో రాకపోకలు పూర్తిగా ఆగలేదు. పాస్ చూపించి పొలానికి పోవచ్చు, బంధువుల ఇంటికి పోవచ్చు. గట్టు కాస్తా చెక్‌పోస్టు అయింది గానీ ఇంకా మూతపడలేదు.

మూతపడింది 1952లో. ఆ ఏడాది మే 26న తూర్పు జర్మనీ ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. సరిహద్దు పొడవునా 5 కిలోమీటర్ల వెడల్పున నిషిద్ధ మండలం, దాని లోపల 500 మీటర్ల రక్షణ పట్టీ, అందులోనూ సరిహద్దును ఆనుకుని 10 మీటర్ల నియంత్రణ పట్టీ. ఆ 10 మీటర్ల నేలను దున్ని చదును చేసి ఉంచేవారు, ఎవరి అడుగు పడినా తెలిసిపోయేలా. లోపల నివసించేవాళ్ళ గుర్తింపు కార్డుల్లో ప్రత్యేక ముద్ర ఉండాలి. బయటి నుంచి వచ్చేవాళ్ళకు పర్మిట్ కావాలి. మిగతా చోట్ల 500 మీటర్లు అంటే ఊరి బయటి పొలమో అడవో. మోడ్లరాయిట్‌లో 500 మీటర్లంటే అటువైపు ఊరు మొత్తం.

ఆ జూన్‌లోనే ‘నమ్మదగని మనుషులు’ అని ముద్ర వేసిన కుటుంబాలను సరిహద్దు నుంచి లోపలి ప్రాంతాలకు బలవంతంగా తరలించడం మొదలైంది. థురింజియాలో ఈ పనికి పెట్టిన రహస్య పేరు ‘ఉన్‌గెట్సీఫర్’, అంటే చీడపురుగులు. సరిహద్దు మొత్తం మీద 8 వేల మందికి పైగా ఇల్లూ పొలమూ వదలాల్సి వచ్చింది. ఎవరి పేరు జాబితాలో ఎందుకు ఎక్కిందో చాలామందికి చివరి దాకా తెలియలేదు. పశ్చిమాన బంధువులు ఉండటం, పాలక కమ్యూనిస్టు పార్టీ గురించి ఒక మాట తూలడం, పొరుగువాడికి కంటగింపుగా కొంచెం ఎక్కువ భూమి ఉండటం, ఏదైనా చాలు. జాబితా సంగతి ముందే చెవిన పడినవాళ్ళు రాత్రికి రాత్రే పశ్చిమానికి పారిపోయారు. మోడ్లరాయిట్ వాగు పక్కన ఉన్న పిండిమర కుటుంబం కూడా అలాగే తప్పించుకుంది. సరిహద్దుకు మరీ దగ్గరగా ఉన్న ఆ మరను తర్వాత కూల్చేశారు. బడి, సత్రం అటువైపు ఉండిపోయాయి, చర్చి ఇటువైపు.

మొదట వచ్చింది మనిషి ఎత్తును మించిన చెక్కల దడి. తర్వాత ముళ్ళకంచెలు. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది, ఐదేళ్ళకు 1966లో మోడ్లరాయిట్‌లోనూ గోడ లేచింది. పొడవు సుమారు 700 మీటర్లు, ఎత్తు 3 మీటర్లకు పైనే. ఇక్కడ ఒక విషయం గమనించాలి. బాల్టిక్ సముద్రం నుంచి హోఫ్ దగ్గరి వరకు సాగిన ఆ 1,393 కిలోమీటర్ల సరిహద్దులో చాలా భాగం లోహపు జాలి కంచెతోనే నడిచింది. మనుషుల్ని ఆపడానికి కంచె, దాని వెనుక కాపలా చాలు. అయినా కొన్ని ఊళ్ళలో మాత్రం ఖరీదైన కాంక్రీటు గోడ కట్టారు. కారణం, అక్కడ ఇళ్ళు ఎదురెదురుగా ఉన్నాయి. కంచె మనిషిని ఆపుతుంది, చూపును ఆపదు. వంటింటి కిటికీలోంచి అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు చూసుకోగలిగినంత కాలం ఆ సరిహద్దు పూర్తయినట్టు కాదని తూర్పు జర్మనీ అధికారులు భావించారు. ఈ గోడ పని కాళ్ళకు అడ్డం పడటం కన్నా కళ్ళకు అడ్డం పడటమే.

గోడ ఎత్తు చాలని చోట నియమం పని చేసింది. బవేరియా వైపు నేల కాస్త ఎత్తుగా ఉన్నచోట నిలబడి అవతలివాళ్ళకు చెయ్యి ఊపొచ్చు. అటువైపువాళ్ళు తిరిగి చెయ్యి ఊపకూడదు, పలకరించకూడదు. అది నిషేధం. ఈ ఊరి గురించి రాసిన ప్రతిచోటా కనిపించే సంగతి ఇదే, కనిపించడానికి కారణమూ ఉంది. మందుపాతరలూ సెర్చిలైట్లూ భయపెడతాయి, కానీ చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న మనిషి చెయ్యి ఊపితే తల దించుకుని పోవలసి రావడం వేరే రకం శిక్ష. కొడుకు చనిపోయాడనో మనవరాలు పుట్టిందనో 50 మీటర్ల దూరంలో ఉన్న ఇంటికి చెప్పాలంటే ఉత్తరం రాసి, అది తనిఖీలు దాటి చేరేదాకా ఎదురుచూడాలి.

రెండు వైపుల బతుకూ ఒకేలా లేదు. తూర్పు భాగం బయటి ప్రపంచానికి మూసిన గది. అదే దేశంలో పక్క జిల్లాలో ఉన్న బంధువులు కూడా పండక్కి ఊరికే రాలేరు, ముందు దరఖాస్తు పెట్టుకోవాలి, అది తిరస్కరించవచ్చు. రాత్రివేళ బయట తిరగడానికీ ఆంక్షలే. పశ్చిమ భాగం అందుకు విరుద్ధంగా ప్రదర్శనశాల అయింది. అక్కడికి అమెరికన్ గస్తీ జీపులు, బవేరియా సొంత సరిహద్దు పోలీసులు, కెమెరాలతో దిగే టూరిస్టు బస్సులు. 1983 ఫిబ్రవరిలో అప్పటి అమెరికా ఉపాధ్యక్షుడు జార్జ్ బుష్, పశ్చిమ జర్మనీ రక్షణ మంత్రి మాన్‌ఫ్రెడ్ వోర్నర్ ఇక్కడికి వచ్చి గోడ చూసి వెళ్ళారు. ఒక పల్లె ప్రపంచ రాజకీయాల వేదిక కావడం ఇటువైపువాళ్ళకు కొంత గర్వం, కొంత విసుగు. పశ్చిమాన ఉన్నా వీళ్ళకూ నష్టం లేకపోలేదు. హోఫ్ చుట్టుపక్కల బట్టల మిల్లులకు, పింగాణీ ఫ్యాక్టరీలకు అంతకుముందు థురింజియా, సాక్సనీ, బొహీమియాలే పక్క మార్కెట్లు. ఒక్కసారిగా మూడు వైపులా తలుపులు మూసుకున్నట్టయింది. ఆ అంచు జిల్లాలను నిలబెట్టడానికి పశ్చిమ జర్మనీ 1971లో ప్రత్యేక చట్టం చేసి రాయితీలు ఇవ్వాల్సి వచ్చింది.

గోడ దాటి బయటపడిన మనిషి ఇక్కడ ఒక్కడే. 1973 మేలో, సరిహద్దు మండలంలోకి పాస్ ఉన్న ఒక డ్రైవరు నిచ్చెన సాయంతో గోడెక్కి ఇటువైపు దూకాడు. ఆ ప్రాంతంలో ఇంకా పేరుపడ్డ పలాయనం గాలిలో జరిగింది. 1979 సెప్టెంబర్ 16 తెల్లవారుజామున రెండు కుటుంబాలకు చెందిన 8 మంది, ఇంట్లో కుట్టుకున్న వేడిగాలి బెలూన్‌లో థురింజియా నుంచి ఎగిరి, అరగంట లోపే హోఫ్ జిల్లాలోని నైలా పట్టణం దగ్గర దిగారు. కింద గోడలూ కంచెలూ ఎంత పక్కాగా ఉంటే తప్పించుకునే ఆలోచన అంత పైకి పోయిందన్నమాట. సరిహద్దు కంచెల మీద 1970ల నుంచి అమర్చిన తానంతట తానే పేలే తుపాకీ పరికరాలను తూర్పు జర్మనీ 1984 చివరికల్లా విప్పేసింది. దాని వెనుక మానవత్వం ఎంతో గానీ, 1983లో బవేరియా ముఖ్యమంత్రి ఫ్రాన్స్ యోసెఫ్ స్ట్రౌస్ చొరవతో అందిన 100 కోట్ల మార్కుల అప్పు పాత్ర మాత్రం పెద్దదే.

1989 శరదృతువులో చరిత్ర ఈ మూలకు చాలా దగ్గరగా నడిచింది. అప్పటి చెకోస్లొవేకియా రాజధాని ప్రాగ్‌లోని పశ్చిమ జర్మనీ ఎంబసీలో తలదాచుకున్న వేలాది తూర్పు జర్మన్లను ప్రత్యేక రైళ్ళలో పంపడానికి ఒప్పందం కుదిరింది. ఆ రైళ్ళు తమ భూభాగం మీదుగానే పోవాలని తూర్పు జర్మనీ పట్టుబట్టింది. డ్రెస్డెన్, ప్లావెన్ దాటి అక్టోబర్ 1 ఉదయం అవి హోఫ్ స్టేషన్‌లో ఆగాయి. ఊరంతా ప్లాట్‌ఫాం మీదికి వచ్చి టీలు, దుప్పట్లు, బొమ్మలు అందించింది. వారం తిరక్కుండానే, అక్టోబర్ 7న, తూర్పు జర్మనీ 40వ పుట్టినరోజు నాడే ప్లావెన్‌లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. పోలీసులు వాళ్ళను చెదరగొట్టలేకపోయారు. అక్టోబర్ 9 నాటి లైప్జిగ్ ప్రదర్శన పేరు అందరికీ తెలుసు, దానికి రెండు రోజుల ముందు జరిగిన ప్లావెన్ సంగతి జర్మనీలో కూడా చాలామందికి గుర్తు రాదు.

నవంబర్ 9 రాత్రి బెర్లిన్ గోడ తెరుచుకుంది. టీవీలో ఆ దృశ్యాలు చూసినవారికి ఆ ఒక్క రాత్రితో అంతా అయిపోయినట్టు అనిపిస్తుంది. మోడ్లరాయిట్‌లో గోడ మర్నాడు కూడా నిలబడే ఉంది. చట్టం ప్రకారం ఎక్కడికైనా వెళ్ళొచ్చు, కానీ ఎదురింటికి పోవడానికి దారి లేదు. దగ్గర్లో ఉన్న చెక్‌పోస్టు దాకా చుట్టూ తిరిగి, అవతలికి దాటి, మళ్ళీ వెనక్కి వచ్చి వాగు ఒడ్డుకు చేరాలి. రెండు వైపులా ఊరివాళ్ళు దారి తెరవమని అడిగారు. చివరికి సరిగ్గా నెల తర్వాత, డిసెంబర్ 9న, గోడలో ఒక సందు కొట్టి పాదచారులకు దారి ఇచ్చారు.

అదే డిసెంబర్ 9న హోఫ్ పట్టణంలో ఇంకో సమావేశం జరిగింది. బుండ్ అనే పర్యావరణ సంస్థ పిలుపు మీద రెండు జర్మనీల నుంచి సుమారు 400 మంది ప్రకృతి ప్రేమికులు చేరారు. ముందుండి నడిపించినవాడు కై ఫ్రోబెల్. సరిహద్దు పక్కన పెరిగి, కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచే బైనాక్యులర్‌తో అక్కడి పక్షుల లెక్క రాసుకున్న మనిషి. దశాబ్దాలుగా నాగలి, పురుగుమందు తగలని ఆ పట్టీలో, మిగతా చోట్ల కనుమరుగైపోతున్న పక్షులు గూళ్ళు కట్టుకుంటున్నాయని వాళ్ళు గమనించారు. కంచెలు పోవాలి, నేలను మాత్రం అలాగే వదిలేయాలని తీర్మానించారు. ‘గ్రీన్ బెల్ట్’ అనే ఆలోచన అలా పుట్టింది. ఇప్పుడు ఆ 1,393 కిలోమీటర్ల పట్టీలో, 50 నుంచి 200 మీటర్ల వెడల్పున, అంతరించే ప్రమాదంలో ఉన్న 1,200కు పైగా మొక్కల, జీవుల జాతులు బతుకుతున్నాయి. థురింజియా తన వాటా 763 కిలోమీటర్లను 2018లో జాతీయ ప్రకృతి స్మారకంగా ప్రకటించింది. దాన్ని సరిహద్దు వల్ల కలిగిన మేలుగా చెప్పడం కుదరదు. తరిమేసిన మనుషుల పొలాలు కూడా ఆ పట్టీలోనే ఉన్నాయి.

1990 జూన్ 17న బుల్డోజర్ వచ్చింది. 1953లో తూర్పు జర్మనీ కార్మికుల తిరుగుబాటు జరిగిన తేదీ అది, పశ్చిమ జర్మనీలో అప్పట్లో సెలవు రోజు కూడా. 700 మీటర్ల గోడలో 100 మీటర్లు ఉంచి మిగతాది పడగొట్టారు. ఆ 100 మీటర్లు మిగలడం అంత సహజమైన విషయం కాదు. జర్మనీ మొత్తం మీద ఆ నెలల్లో గోడలను, బురుజులను ఎంత వేగంగా పీకేశారంటే, కొన్నేళ్ళ తర్వాత పిల్లలకు చూపిద్దామంటే ముక్క కూడా దొరకని చోట్లే ఎక్కువ. రోజూ కిటికీ తెరిస్తే కాంక్రీటు కనిపించిన మనిషికి దాన్ని పూర్తిగా తుడిచేయాలనిపించడంలో తప్పేమీ లేదు. అయినా ఏకీకరణ కూడా పూర్తి కాకముందే కొంత భాగాన్ని ఆపిన వాళ్ళ ముందుచూపే నేటి జర్మన్-జర్మన్ మ్యూజియంకు పునాది. మ్యూజియం 1990లోనే ఏర్పడింది. ఇప్పుడు చుట్టుపక్కల స్థానిక సంస్థలు కలిసి దాన్ని నడుపుతున్నాయి.

అక్కడికి వెళ్ళినవారు ఒక తేడా గుర్తుంచుకుంటే మంచిది. నిలిచిన 100 మీటర్ల గోడ అసలుది, కాపలా బురుజు దాని వెనుక ఉంటుంది. జాలి కంచె, దున్నిన పట్టీ, రంధ్రాల కాంక్రీటు పలకలు పరిచిన గస్తీ దారి, నలుపు-ఎరుపు-పసుపు చారల సరిహద్దు స్తంభాలు వంటివాటిలో కొన్ని, 1980ల నాటి సరిహద్దు అంచె అంచెలుగా ఎలా ఉండేదో చూపించడానికి మళ్ళీ అమర్చినవి. షెడ్డుల్లో రెండు వైపుల గస్తీ వాహనాలు పక్కపక్కన నిలబెట్టి ఉంటాయి. ఇవన్నీ చూసి, పాత చెరువు పక్కగా వాగు దాకా నడిస్తే 1810 నాటి హద్దురాళ్ళు కనిపిస్తాయి. ఇంకొంచెం దూరంలో బవేరియా, థురింజియా, సాక్సనీ కలిసే చోట మూడు రాష్ట్రాల రాయి ఉంది. హోఫ్ నుంచి కారులో వస్తే దూరం తక్కువే. హోఫ్ యూనివర్సిటీలో భారతీయ విద్యార్థులు చదువుతున్నారు, బవేరియా-భారత్ విద్యా సంబంధాల కేంద్రం కూడా అక్కడే ఉంది. ఒక ఆదివారం ఇటు రావడం వాళ్ళకు కష్టమేమీ కాదు.

ఇక చాలామంది సందర్శకులు అడిగే ప్రశ్న: జర్మనీ ఒకటైంది కదా, ఈ ఊరు ఎందుకు ఒకటి కాలేదు?

చట్టం అడ్డుపడిందనడానికి లేదు. జర్మన్ రాజ్యాంగం 29వ అధికరణం ప్రకారం 50 వేల మంది లోపు జనాభా ఉన్న ప్రాంతాన్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందం సరిపోతుంది, దేశవ్యాప్త ప్రక్రియ అక్కర్లేదు. అలా మారిన చోటు కూడా ఉంది. ఎల్బె నది ఒడ్డున ఉన్న ఆమ్ట్ నోయ్‌హౌస్ ప్రాంతం యుద్ధం తర్వాత సోవియట్ మండలంలో పడి తూర్పు జర్మనీ అయిపోయింది. ఏకీకరణ తర్వాత మెక్లెన్‌బర్గ్ రాష్ట్రంలో ఉండటం ఇష్టంలేక, 1993 జూన్ 30న లోయర్ సాక్సనీకి తిరిగి వెళ్ళిపోయింది. అక్కడి జనానికి ఒక బలమైన వాదన ఉంది: మేం ముందు అటువైపే ఉండేవాళ్ళం, మళ్ళీ అటే పోతాం.

మోడ్లరాయిట్‌కు ఆ వాదన లేదు. తిరిగి వెళ్ళడానికి 1810 తర్వాత ఒకే ప్రభుత్వం కింద ఉన్న రోజు అంటూ లేదు. బవేరియా భాగం ఎప్పుడూ బవేరియాదే, థురింజియా భాగం ఎప్పుడూ రాయిస్, తర్వాత థురింజియాదే. ఏకీకరణ ఈ ఊరికి తిరిగి ఇచ్చింది 1810 నాటి స్థితినే, అంటే హద్దు ఉంటుంది గానీ అడ్డుండదు. కలపాలంటే ఎవరో ఒకరు రాష్ట్రం మారాలి. వాళ్ళ పిల్లల బడి సిలబస్, రైతుల సబ్సిడీ ఆఫీసు, పోలీసు స్టేషన్, సెలవులు అన్నీ మారాలి. ఇంత చేసి దక్కేది ఒకే పిన్‌కోడ్.

అలాగని గోడ నీడ పూర్తిగా పోయిందని కాదు. థురింజియా వైపు పొలాలు ఇప్పటికీ పెద్ద పెద్ద చెక్కలుగా కనిపిస్తాయి, తూర్పు జర్మనీ కాలంలో సమష్టి వ్యవసాయం కోసం గట్లు తీసేసినందువల్ల. వాగుకు ఇటువైపు చిన్న చిన్న కమతాలు. పెన్షన్ లెక్క ఇంకా ఆలస్యంగా సమమైంది. తూర్పున చేసిన ఉద్యోగానికి ఒక పాయింటు విలువ, పశ్చిమాన చేసినదానికి ఇంకో విలువ అనే పద్ధతి ఏకీకరణ నాటి నుంచి కొనసాగి, 2023 జూలై 1న గానీ పోలేదు. అప్పటికి గోడ కూలి 33 ఏళ్ళు. గోడ కట్టిన ఏడాది ఉద్యోగంలో చేరిన 20 ఏళ్ళ కుర్రవాడికి ఆ సమానత్వం అందేసరికి వయసు 77.